ప్లేగు మహామారియు, హాఫ్కిన్ పండితుని టీకాయు

హైదరాబాదు నగరమున నల్లకుంట యను చోట నొక ప్రసిద్ధ వైద్యశాల కలదు. దానికి సర్కారువారు పెట్టిన పేరు వేరొకటి యైనను, పెద్దలు నేటికిని దానిని "కోరంటి దవాఖానా" యనియే పిలుచుచుందురు. ఈ కోరంటి యను మాట మన దేశమున పుట్టినది కాదు. పూర్వము ఇటలీదేశములోని వెనిసు నగరమువారు, అంటువ్యాధులున్న దేశములనుండి వచ్చు ఓడలను నలువది దినములు దూరముగా నిలిపియుంచెడివారు. వారి భాషలో నలువదికి "క్వరంటా" యని పేరు. ఆ మాటయే ఇంగ్లీషువారి నోటబడి "క్వారంటైను" అయ్యెను. మన వీథులకు వచ్చి "కోరంటి" యయ్యెను. అంటురోగులను వేరుగా నుంచుటకై 1915వ సంవత్సరమున ఊరి వెలుపల నేర్పడిన యా చికిత్సాలయము 1923లో ఇప్పటి స్థలమునకు మారినది.

విద్యార్థులారా, ఆ యొక్క మాటలో నొక కాలపు భయమంతయు నిమిడియున్నది. రోగమునకు కారణము తెలియనప్పుడు రోగిని దూరముగా నుంచుట తప్ప మనుష్యులకు వేరుపాయము తోచదు. కారణము తెలిసి, మందు దొరికినంతమాత్రమున భయము తొలగునా? మందు సీసాలోనున్న చాలదు. దానిని పుచ్చుకొనువారికి నమ్మకముండవలెను. దానిని ఇచ్చువారి చేతికి శుభ్రత యుండవలెను. ఈ రెంటిలో నేది లోపించినను ఎంత అనర్థము కలుగునో తెలుపుటకు బొంబాయి ప్లేగు కథకంటె మంచి పాఠము లేదు.

మహామారి వచ్చుట

1894వ సంవత్సరమున చైనా తీరమునందలి హాంకాంగులో ప్లేగు చెలరేగెను. అక్కడకు పోయిన యెర్సిన్ అను వైద్యుడు ఆ రోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. జపానుదేశీయుడగు కిటసాటో పండితుడును అదే కాలమున అచ్చటనే పరిశోధన చేసెను. రెండేండ్లు గడచినపిమ్మట ఆ రోగము సముద్రముదాటి మనదేశమునకు వచ్చినది. 1896 సెప్టెంబరు మాసమున బొంబాయిలోని మాండ్వీ పేటలో డాక్టరు వీగాసు అను వైద్యుడు ఒక రోగిని పరీక్షించి, ఇది ప్లేగేయని ధైర్యముగా చెప్పెను. తీవ్రమైన జ్వరము, గజ్జలలోను చంకలలోను బిళ్ళలు కట్టుట, కొలది దినములలో మరణము: ఇవి దాని లక్షణములు. జనులు వేలకు వేలుగా నగరమును విడిచి పారిపోయిరి. పోయినవారితోకూడ రోగమును పోయినది.

సర్కారువారు దిగులుపడి 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టమును చేసిరి. రోగులను ఇండ్లనుండి తీసికొనిపోవుటకును, ఇంటివారిని శిబిరములలో నుంచుటకును, ప్రయాణికులను రైలుబండ్లలో పరీక్షించుటకును అధికారులకు పూర్ణాధికారము కలిగెను. ఉద్దేశము మంచిదే. కాని దానిని జరిపిన విధము జనుల మనస్సులను గాయపరచెను. పూనా నగరమున సోల్జరులు ఇండ్లలో చొచ్చి, వంటయిల్లనక పూజగదియనక వెదకిరి. స్త్రీలను వీథిలో నిలిపి పరీక్షించిరని మొరలు పుట్టెను. ఆసుపత్రికి పోయినవాడు తిరిగి రాడను మాట వ్యాపించెను. అంతకుముందే, 1896 అక్టోబరులో, బొంబాయి మిల్లుకూలీలు ఆర్థరురోడ్డు ఆసుపత్రిపై పడి అల్లరి చేసియుండిరి. పూనాలో ప్లేగు అధికారియైన రాండు దొరపై 1897 జూను 22వ తేదీ రాత్రి చాపేకర్ సోదరులు తుపాకి కాల్చిరి. అతడు కొలదిదినములకు మరణించెను. భయపడిన జనులు రోగులను గాదెలలోను అటుకలమీదను దాచసాగిరి. దాచినకొలది రోగము పెరిగినది.

అదే పూనాలో, అదే సంవత్సరమున, వేరొక దృశ్యమును గూడ మనము చూడవలెను. బాలికలకు బడులు పెట్టి పేరుపొందిన సావిత్రీబాయి ఫూలే, తన కుమారుడగు వైద్యుడు ఊరి వెలుపల నడుపుచుండిన చికిత్సాలయమున రోగులకు పరిచర్య చేయుచుండెను. ప్లేగు తగిలిన యొక బాలుని ఆమె స్వయముగా వీపున మోసికొని తెచ్చెననియు, ఆ రోగమే తనకును సోకి 1897 మార్చి 10వ తేదీన మరణించెననియు ఆమె చరిత్రము తెలుపుచున్నది. సోల్జరు తలుపు తట్టినప్పుడు దాగిన రోగి, తల్లి పిలిచినప్పుడు బయటికి వచ్చును గదా!

హాఫ్కిన్ పండితుడు

వాల్డెమార్ హాఫ్కిన్ 1860వ సంవత్సరమున రష్యాచక్రవర్తి యేలుబడిలోని ఒడెస్సా నగరమున యూదుల కుటుంబములో జన్మించెను. మెచ్నికాఫ్ పండితునివద్ద విద్య నభ్యసించి, పారిసులోని పాస్టరు సంస్థలో పనికి కుదిరెను. అచ్చట కలరాకు టీకామందు సిద్ధపరచి, 1892 జూలైలో దానిని మొదట తన దేహమునకే యెక్కించుకొని పరీక్షించెను. మరుసటి యేట మనదేశమునకు వచ్చి, ఊరూర తిరిగి 40 వేలకు పైబడిన జనులకు కలరా టీకాలు వేసెను.

1896 అక్టోబరులో సర్కారువారు ఆయనను బొంబాయికి రప్పించిరి. గ్రాంటు వైద్యకళాశాలలో నొక చిన్న గదియు, కొద్దిమంది సహాయకులును ఆయనకు దొరికిరి. ఆ గదిలో ఆయన చేసిన పని వినదగినది. కూజాలలో మాంసరసము పోసి, దానిపై కొన్ని చుక్కల నేయి వేసెను. ప్లేగు సూక్ష్మజీవులు ఆ నేతిచుక్కలను పట్టుకొని, చూరునుండి వ్రేలాడు సాలెపోగులవలె క్రిందికి దిగుచు పెరిగెను. కూజాను కదిపినప్పుడు అవి రాలి అడుగునకు పోవును. మరల క్రొత్తవి పెరుగును. ఇట్లు కొన్ని వారములు పెంచి, పిమ్మట వేడిచేసి వానిని చంపి, చెడిపోకుండుటకై కార్బాలికు ఆమ్లమును కొంచెము కలుపుదురు. చచ్చిన సూక్ష్మజీవి రోగమును తేజాలదు. కాని దానిని చూచిన దేహము శత్రువును గుర్తుపట్టి ఎదుర్కొనుటకు నేర్చుకొనును. 2021వ సంవత్సరమున కరోనా వ్యాధికి హైదరాబాదులో తయారైన కొవాక్సిన్ టీకాకును ఈ సూత్రమే ఆధారము. ఇంకొక విశేషము: జనుల ఆచారములకు నొప్పి కలుగకుండునట్లు మాంసరసమునకు గోమాంసము గాని పందిమాంసము గాని వాడక, మేకమాంసమును వాడిరి. మందు చేయుటయందే కాక, మందు పుచ్చుకొనువాని మనస్సునందును ఆయన దృష్టి యుండెను.

1897 జనవరి 10వ తేదీన హాఫ్కిన్ పండితుడు ఆ మందును మొదట తనకే వేయించుకొనెను. అదియు మామూలు మోతాదు కాదు, అంతకు కొన్ని రెట్లు. జ్వరమును నొప్పియు కలిగెను. కొలది దినములకు తగ్గెను. ఆ నెలలోనే బైకల్లా జైలున ప్లేగు పొడసూపెను. ఖైదీలలో సుమారు సగముమంది తమంతట ముందుకు వచ్చి టీకా వేయించుకొనిరి. వారిలో రోగము బహు తక్కువగా కనబడెను.

మరుసటి యేట బరోడా సంస్థానమందలి ఉంధేరా యను పల్లెలో జరిగిన పరీక్ష ఇంకను స్పష్టమైనది. అచ్చట ప్రతి కుటుంబమునందును సుమారు సగముమందికి టీకా వేసి, మిగిలినవారిని విడిచిరి. ఒకే కప్పుక్రింద నుండి, ఒకే కుండలోని అన్నము తినువారికి తారతమ్యము తెలియుటకై ఇట్లు చేసిరి. పిమ్మట ప్లేగు తగిలిన 28 కుటుంబములలో టీకా లేనివారు 64 మంది; అందు 27 మందికి రోగము సోకగా 26 మంది మరణించిరి. టీకా వేయించుకొన్నవారు 71 మంది. అందు 8 మందికి మాత్రమే రోగము సోకగా 3గురు మరణించిరి. టీకా సంపూర్ణ కవచము కాదని ఈ లెక్కయే చెప్పుచున్నది. అయినను అది యెన్ని ప్రాణములను కాపాడునో ఈ లెక్కయే చెప్పుచున్నది.

లెక్కలు చదువుకొన్నవారిని ఒప్పించును. తక్కినవారిని ఒప్పించునది కంటియెదుటి నిదర్శనము. బొంబాయిలో ఖోజాల మతాధిపతియైన ఆగాఖాను తన జనులయెదుట తానే టీకా వేయించుకొనెను. అది చూచి వారును ధైర్యము తెచ్చుకొనిరి. ప్రయోగశాలకు తన భవనమునొకదానిని సైతము ఆయన ఇచ్చెను. 1899లో ఆ ప్రయోగశాల పరేలులోని పాత గవర్నరు బంగళాకు మారెను.

ముల్కోవాల్

1902వ సంవత్సరమున పంజాబులో ప్లేగు భయంకరముగా వ్యాపింపగా, అచ్చటి సర్కారువారు లక్షలకొలది జనులకు టీకాలు వేయ సంకల్పించిరి. పరేలు ప్రయోగశాలలో రాత్రింబవళ్ళు పని సాగెను. త్వరగా మందు సిద్ధమగుటకై హాఫ్కిన్ పండితుడు కార్బాలికు ఆమ్లమును కలుపుట మాని, వేడితోనే శుద్ధిచేయు పద్ధతిని అవలంబించెను.

ఆ యేడు అక్టోబరు 30వ తేదీన గుజరాత్ జిల్లాలోని ముల్కోవాల్ అను పల్లెలో 107 మందికి టీకాలు వేసిరి. ఈ జిల్లా పంజాబులోనిది. ఇప్పుడు పాకిస్థానులో చేరియున్నది. కొన్ని దినములు గడచినపిమ్మట అందు 19 మందికి దవుడలు బిగిసికొనెను. దేహము విల్లువలె వంగెను. అది ధనుర్వాతము. 19 మందియు మరణించిరి. విచారింపగా ఆ 19 మందికిని ఒకే సీసాలోని మందు ఎక్కించినట్లు తెలిసినది. తక్కిన సీసాలనుండి టీకా పొందినవారికి ఏ హానియు కలుగలేదు.

ఆరోగ్యముగానుండి, కాపాడునను నమ్మకముతో చేయి చాచిన 19 మంది! ఆ యింటివారి దుఃఖమును మనము ఊహింపగలము. ఈ వార్త పంజాబంతట వ్యాపించెను. జనులు టీకా పేరు విన్న భయపడిరి. తలపెట్టిన కార్యము కుంటుపడెను. ప్లేగు మాత్రము నిలువలేదు. 1907వ సంవత్సరమొక్కటియందే ఈ దేశమున 12 లక్షలకు పైగా జనులు దానికి బలియైరి. అందు పంజాబువారే మిక్కిలి యెక్కువ. నమ్మకము పోయిన మందు ఎంత గొప్పదైనను సీసాలోనే యుండునని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

దోషమెవరిది?

విచారణసంఘ మొకటి ఏర్పడెను. మందు పరేలులో సీసాలో పోసినప్పుడే మలినమైయుండవలెననియు, కార్బాలికు ఆమ్లమును మానుటవలన ఆ మాలిన్యము నిలిచెననియు వారు అభిప్రాయపడిరి. హాఫ్కిన్ పండితుని పదవి పోయెను. దేశమునకు మందిచ్చినవాడు, దోషియని పేరుపడి సీమకు వెడలెను.

కాని సాక్ష్యమును శ్రద్ధగా చదివినవారికి వేరొక సంగతి కనబడెను. ఆ దినమున ముల్కోవాలులో సీసా బిరడాను తీయుటకు వాడిన పట్టుకారు నేలపై పడెనట. సహాయకుడు దానిని తీసి, నిప్పున కాల్చి చక్కగా శుద్ధి చేయకయే మరల వాడెనట. ధనుర్వాతపు బీజములు మట్టిలోను పేడలోను ఉండునవని వైద్యులందరు నెరుగుదురు. పరేలులోనే ఆ బీజములు సీసాలో చేరియుండిన, నెలకు పైగా అందు పెరిగి దుర్వాసన కొట్టవలసినది. తెరచినప్పుడు అట్టి వాసన యేదియు లేకుండెను.

ఈ సంగతులను లోకమునకు వెల్లడించినవారిలో ముఖ్యుడు సర్ రోనాల్డు రాసు. మలేరియాబీజము దోమ కడుపులో పెరుగుటను 1897 ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో కనుగొని, 1902లో నోబెలు బహుమానము పొందినవాడు ఈయనయే. తోడి శాస్త్రజ్ఞునికి అన్యాయము జరిగెనని ఆయన పత్రికలకు వ్రాసెను. 1907 జూలైలో రాసుతోకూడ పదిమంది శాస్త్రజ్ఞులు చేవ్రాళ్ళుచేసి లండను టైమ్సు పత్రికలో లేఖ ప్రకటించిరి. ఆ యేటి చివర సర్కారువారు హాఫ్కిన్ పండితుని మరల కొలువులోనికి పిలిచిరి. ఆయన కలకత్తాకు వచ్చి పనిచేసెను గాని, పరేలులోని తన పూర్వస్థానము తిరిగి దొరకలేదు. ఆయన 1930లో స్విట్జర్లండునందు మరణించెను. అంతకైదేండ్లు ముందుగా, 1925లో, పరేలు ప్రయోగశాలకు హాఫ్కిన్ సంస్థయని పేరుపెట్టిరి. నేటికిని దానికి అదే పేరు. 1897 మొదలు 1925 వరకు బొంబాయినుండి వెడలిన ప్లేగు టీకాలు 2 కోట్ల 60 లక్షలని లెక్క.

ఎలుకయు, పురుగును

ఈ కాలముననే ప్లేగు ఎట్లు వ్యాపించునను ప్రశ్నకును సమాధానము దొరికినది. ఎలుకలు రాలిన యింట మనుష్యులు రాలుదురని మన పల్లెలవారు ముందుగానే గమనించి, ఇండ్లు విడిచి పొలములలో గుడిసెలు వేసికొనెడివారు. 1898లో సీమోన్ అను ఫ్రెంచివైద్యుడు కరాచీలో పరీక్షలు చేసి, ఎలుక మేనిపై నుండి రక్తము పీల్చు చిన్న దుముకుడు పురుగే రోగమును మోయుచున్నదని చెప్పెను. పండితులు చాలమంది నమ్మలేదు. 1905 మొదలు పరేలులో పనిచేసిన పరిశోధకసంఘమువారు దానిని రుజువుచేసిరి. ప్లేగు సోకిన చోట రెండు పంజరములలో సీమపందికొక్కులనుంచిరి. ఒక పంజరమునకు పురుగు దూరలేని సన్నని తీగెవల కప్పిరి, రెండవదానికి కప్పలేదు. వలలోనివి క్షేమముగా నుండెను. వల లేనివి ప్లేగుతో చచ్చెను.

ఈ సత్యము తెలియకపోవుటచేతనే కదా, మొదట మురుగుకాలువలలో మందునీళ్ళు కుమ్మరించిరి. ఎలుకలు ఆ వీథి విడిచి వేరు వీథులకు పారిపోయెను! కారణము తెలిసినపిమ్మట చేయవలసిన పని సులభమయ్యెను. ధాన్యమును మూతగల పాత్రలలో నుంచుట, ఇంట చెత్త నిలువనీయకుండుట, ఎలుక కలుగులను పూడ్చుట, చచ్చిన యెలుక కనబడిన వెంటనే అధికారులకు తెలుపుట: ఇవి ఏ సోల్జరు సహాయమును లేక ఎవరైన చేయగల పనులు. తరువాతి కాలమున స్ట్రెప్టోమైసిను మొదలగు మందులు వచ్చుటచేత, వేళకు చికిత్స జరిగిన ప్లేగు రోగి నేడు బ్రతుకగలడు.

మనము నేర్వవలసినది

ఈ కథలో దుర్మార్గుడెవ్వడు? చూడగా ఎవ్వడును లేడు. పూనాలో ఇండ్లు వెదకించినవారు రోగమును ఆపనెంచిరి. రోగిని దాచినతల్లి బిడ్డను కాపాడనెంచెను. పట్టుకారు జారవిడిచినవాడు త్వరగా పని ముగింపనెంచెను. విచారణ చేసినవారు న్యాయము చేయనెంచిరి. అయినను ప్రాణములు పోయెను. ఒక నిరపరాధి నిందపాలయ్యెను. మంచి యుద్దేశమొక్కటియే చాలదు; దానికి జ్ఞానము, ఓర్పు, చిన్నపనియందును జాగ్రత్త తోడుకావలెను.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు వైద్యులును, దాదులును, ఉపాధ్యాయులును, అధికారులును కాగలరు. నేలబడిన పట్టుకారును మరల శుద్ధిచేయుటకు పట్టు కాలము కొన్ని నిమిషములు మాత్రమే. ఎవరును చూడనివేళ ఆ నిమిషములను దాచుకొనవలెనను కోరిక పుట్టినప్పుడు ముల్కోవాలును తలచుకొనుడు. తల్లిదండ్రులారా, టీకా వేయవచ్చినవారిని సందేహమున్నయెడల నిస్సంకోచముగా ప్రశ్నింపుడు. అడుగుట మీ హక్కు. తలుపు మాత్రము మూయకుడు. ఎవరిమీదనైన నింద మోపబడినప్పుడు, సాక్ష్యమంతయు చదువనిదే తీర్పు చెప్పకుడు.

కోరంటి దవాఖానాకు సర్కారువారు పెట్టిన పేరు వేరొకటి యని మొదట చెప్పితిని. అది సర్ రోనాల్డు రాసు పేరే. దోమను పరీక్షించి మలేరియా గుట్టు విప్పినవాడనియే ఆ గౌరవము. కాని ఆ ద్వారముముందుగా పోవునప్పుడు, తోటివాని పక్షమున సత్యము పలుకుటకు కలము పట్టినవాడనియు ఆయనను తలచుకొందము.